ఉన్న ఊరు

“ఉన్న ఊరూ, కన్నతల్లీ” అని మనవాళ్ళొక మాట అంటూ ఉంటారు. బళ్ళో వ్యాసం రాయమంటే పిల్లలు మొదటి వాక్యంగా దీన్నే పెడతారు. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు తాంబూలం నములుతూ దీన్నే అంటారు. ఎన్నికలప్పుడు మైకులోనూ ఇదే. అందరూ దీన్ని పుట్టిన ఊరి గురించే వాడతారు. కాని మాటని కాస్త నిలబెట్టి చూడండి. పుట్టిన ఊరు అనలేదు సామెత. ఉన్న ఊరు అంది. కనడం తల్లి వంతు, ఉండనివ్వడం ఊరి వంతు అని విడదీసి మరీ చెప్పింది.

ఈ సామెత పుట్టిన కాలంలో పుట్టిన ఊరూ, ఉన్న ఊరూ ఒక్కటే కాబోలు, అందుకని తేడా చూడలేదు అని మీరనొచ్చు. నిజమే. కాని అది మగవాళ్ళ సంగతి. ఆడపిల్లకి ఆ రెండూ ఏనాడూ ఒక్కటి కావు. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం.

ఇంతకీ నాకు ఈ సామెత మీద ఇంత ధ్యాస ఎందుకంటే, మా పిన్నీ బాబాయీ వల్ల. వాళ్ళుండేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చిందిగాని, మా ఇంట్లో మటుకు ఇంకా పోర్ట్ బ్లెయిరే. మా అమ్మ అదీ అనదు. “అండమానులో మా చెల్లి” అంటుంది, అక్కడికేదో శిక్ష పడి పంపించినట్టు! అమ్మ తప్పేం లేదు. అండమాన్ అనగానే ఆ తరానికి సెల్యులర్ జైలే గుర్తొస్తుంది. మన వైపు వాళ్ళకి మరీను. అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడి పోరాడిన గాం మల్లుదొర ఆ జైల్లో శిక్ష అనుభవించి వచ్చాడు. తర్వాత 1952లో మన ప్రాంతం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు.

కాని జైలు సంగతి పక్కన పెడితే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి అండమాన్ పరాయి చోటేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో 3 లక్షల 80 వేల మంది జనం ఉంటే, అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 50 వేల పైచిలుకు. ఏడెనిమిది మందిలో ఒకరన్నమాట. వాళ్ళలో మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళినవాళ్ళే జాస్తి. చేపలు పట్టేవాళ్ళు, తాపీ పనివాళ్ళు, దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు, మా బాబాయిలాగా గుమాస్తా ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు. విశాఖపట్నంలో ఓడెక్కితే సుమారు 1200 కిలోమీటర్లు, రెండున్నర రోజులో మూడు రోజులో.

ఆ మాటకొస్తే సముద్రం దాటడం మన జిల్లాల వాళ్ళకి తాతల నాటి అలవాటు. మా మామ్మ తరంలో “రంగం వెళ్ళాడు” అంటే రంగూన్ వెళ్ళాడని. కళింగపట్నంలోనో, భీమునిపట్నంలోనో ఓడెక్కి బర్మా పోయి, బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసి డబ్బు పంపేవారు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశాక, అడవులూ కొండలూ పట్టుకుని కాలినడకన వెనక్కొచ్చారు. దారిలో పోయినవాళ్ళు వేలమంది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఎక్కడెక్కడో బతికి తిరిగి వచ్చినవాళ్ళకి సొంత గడ్డ మీద దొరికిన చిరునామా, చూడండి, మళ్ళీ పరాయి దేశం పేరే!

బాబాయిది సోంపేట దగ్గర ఒక ఊరు. ఉద్దానం. కొబ్బరీ, జీడీ, పనసా తప్ప కంటికి మరొకటి ఆనని పచ్చటి సీమ. 1980లో ఉద్యోగం వచ్చి అండమాన్ వెళ్ళాడు. 1985లో విజయనగరం నుంచి మా పిన్నిని చేసుకుని తీసుకెళ్ళాడు. “ఎంత, రెండేళ్ళు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాను” అని మా తాతగారికి మాటిచ్చాడట. ఆ రెండేళ్ళు 2016లో ఆయన రిటైరయ్యేదాకా సాగాయి.

2019 జనవరిలో నేను వెళ్ళి మూడు వారాలున్నాను వాళ్ళింట్లో. ద్వీపం అంటే సినిమాల్లో చూపిస్తారే, నీలి నీళ్ళూ, తెల్లటి ఇసకా, అవన్నీ ఉన్నాయి, కాదనను. కాని కాపురం చేసేవాళ్ళు బీచికి ఎన్నిసార్లు వెళ్తారో, మీ ఊళ్ళో ఉన్న ప్రసిద్ధమైన గుడికి మీరెన్నిసార్లు వెళ్తారో, రెండూ ఒకటే లెక్క. చుట్టాలొచ్చినప్పుడు. మిగతా రోజుల్లో ద్వీపం అంటే నీళ్ళ డ్రమ్ములు. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల వాన పడే చోట, చుట్టూ కనుచూపు మేరా సముద్రం ఉన్న చోట, వేసవి వస్తే కుళాయి రెండ్రోజులకో మూడ్రోజులకో ఒకసారి! కొండల మీద ఊరు, పడ్డ వాన పడ్డట్టే జారి సముద్రంలోకి పోతుంది. ధనిఖారి అని ఒక డ్యామ్ ఉంది, దాని నీళ్ళే ఊరికి ప్రాణం. పిన్ని ఇంట్లో ఆరు నీలం డ్రమ్ములున్నాయి. ఏది తాగడానికి, ఏది గిన్నెలకి, ఏది మొక్కలకి అని ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

కూరగాయల సంగతీ అంతే. ఉల్లిపాయలూ, బంగాళాదుంపలూ చాలా భాగం చెన్నై నుంచి ఓడలో రావాలి. తుపాను పట్టి ఓడ ఆగిందా, ఆ వారం పులుసులో ములక్కాడ లేదు. చేప మాత్రం చవక. జంగ్లీఘాట్ నుంచి గంప ఎత్తుకొచ్చే చేపలమ్మిది మన కవిటి వైపు. “మీదే ఊరే?” అని అడిగాను, మన యాస వినపడగానే ప్రాణం లేచొచ్చి. “మాదేటమ్మా, పొద్దు పొడిసినా ఇక్కడే, పొద్దు గూకినా ఇక్కడే. ఊరంటే మా అత్త సెప్పీది. నాను సూణ్ణేదు” అంది. గడియారం మనదే అయినా, పొద్దు మటుకు మనకంటే అరగంట ముందే గూకుతుంది అక్కడ. డిసెంబరులో సాయంత్రం అయిదింటికల్లా దీపాలు పెట్టాల్సిందే. ఇరుగు పొరుగుల్లో ఒకరు బెంగాలీ, ఒకరు తమిళులు, ఒకరు రాంచీ వాళ్ళు. అందరికీ కలిపి ఒక హిందీ ఉంది, ఏ వ్యాకరణానికీ దొరకని హిందీ. మా పిన్ని అందులో పోట్లాడుతుంది కూడాను!

ఇవన్నీ బయటి విశేషాలు. నన్ను పట్టుకుని ఊపేసింది ఇంటి లోపలి సంగతి.

ఆ ఇంట్లో గోడకి మేకు లేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా కాపురమున్న ఇల్లు, ఒక్క ఫోటో గోడనెక్కలేదు. క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడుతుంది. మంచి కంచాలు లేవు, మంచి దుప్పట్లు లేవు. కొన్నవి లేక కాదు. కొన్నవన్నీ సోంపేట వెళ్ళిపోయాయి. 2004లో ఊళ్ళో ఇల్లు కట్టాడు బాబాయి. రెండంతస్తులు, పాలరాయి నేల, అద్దాల బీరువాలో పింగాణీ కప్పులు పన్నెండు, మంచాలు నాలుగు. ఆ కప్పుల్లో ఇంతవరకూ ఎవరూ టీ తాగలేదు. ఆ ఇంటికి తాళం. నెలకింత అని పుచ్చుకుని ఒక ముసలాయన ముందు గదిలో పడుకుంటాడు. మనుషులున్న ఇల్లు సత్రంలా, మనుషులు లేని ఇల్లు ఇల్లులా ఉంది.

ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. బయట సంపాదించిన డబ్బు ఊళ్ళో గోడలై నిలబడుతుంది. నేను వాటిని చూసినప్పుడల్లా, పాపం అనుకోవాలో, వెర్రి అనుకోవాలో తెలియదు.

“ఎందుకు బాబాయ్, ఇక్కడో నాలుగు మేకులు కొట్టించకపోయారా?” అని అడిగాను. “మనమిక్కడ టెంపరరీ కదమ్మా” అన్నాడు. ముప్ఫై తొమ్మిదో ఏట ఆ మాట అంటున్నాడు.

ఇక్కడే నా ప్రశ్న. మనిషి ఎన్నాళ్ళు టెంపరరీగా ఉండొచ్చు? ఉండడం న్యాయమేనా?

టెంపరరీ అనే మాటలో ఒక సుఖం ఉంది, దాన్ని మనం ఒప్పుకోం. సత్రంలో బసచేసినవాడు పైకప్పు కారుతోందని మేస్త్రీని పిలవడు. వీధి కాలవ నిండిపోతే “మనదా పెట్టిందా” అనుకుంటాడు. బాబాయి ఓటు సోంపేటలోనే ఉంచుకున్నాడు. అన్నేళ్ళలో వెళ్ళి వేసింది రెండే రెండుసార్లు. అంటే ఆయన ఓటు అక్కడికీ కాలేదు, ఇక్కడికీ కాలేదు. మంచి మనిషే, ఒకళ్ళ జోలికి పోడు. కాని ఒకళ్ళ జోలికి పోకపోవడం మంచితనమా, బసచేసినవాడి బుద్ధా అన్నది నాకు తేలలేదు. మన నగరాల్లో అపార్టుమెంట్లలో అద్దెకున్న వాళ్ళందరూ ఇదే చేస్తున్నారు. అది నేను కాదనుకుంటే నాకే నష్టం.

తమాషా ఏమిటంటే, అండమాన్ ఓడల్లో టిక్కెట్టుకి రెండు ధరలు. ద్వీపవాసి అని కార్డున్న వాళ్ళకి తక్కువ, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన వాళ్ళకి ఎక్కువ. కౌంటరు దగ్గర గుమాస్తా పొరపాటున ఎక్కువ ధర చెబితే మా బాబాయికి ఎక్కడలేని రోషం వచ్చేస్తుంది. “ముప్ఫై తొమ్మిదేళ్ళు! నేను ఐలాండర్‌ని!” అని జేబులోంచి కార్డు తీసి బల్ల మీద కొడతాడు. గుమ్మం దాటి ఇవతలకి రాగానే మళ్ళీ సోంపేట. పిన్ని నవ్వుతూ చెప్పింది ఈ సంగతి. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, హక్కు దగ్గర ఒక ఊరు, బాధ్యత దగ్గర మరో ఊరు చెప్పుకోవడం మా బాబాయి ఒక్కడి తెలివి కాదుగదా అనిపించింది.

అయితే ఆయన మాటని బట్టి ఆయన్ని తూస్తే అన్యాయం అవుతుంది. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున్నే భూమి కదిలింది, వెనకాలే సునామీ. నికోబార్ దీవులు తుడిచిపెట్టుకుపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లోనూ లోతట్టు చోట్లలోకి సముద్రం వచ్చింది. సోంపేట నుంచి, విజయనగరం నుంచి అందరం ఫోన్లే ఫోన్లు: వచ్చెయ్యండి, ఆ ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు. అదే ఏడు వేసవిలోనే ఊళ్ళో కొత్తింటి గృహప్రవేశం అయింది. వెళ్ళడానికి ఇల్లుంది, సెలవుంది. బాబాయి కదల్లేదు. రెండు వారాలపాటు రేవులోనే ఉండి, కార్ నికోబార్ నుంచి వచ్చిన వాళ్ళ పేర్లు రాసుకుంటూ, బియ్యం మూటలు లెక్క పెడుతూ గడిపాడు. పిన్ని మూడు కుటుంబాలకి ఇంట్లో చోటిచ్చి నెల్లాళ్ళు వండి పెట్టింది. టెంపరరీ వాళ్ళు చేసే పనులేనా ఇవి? నోటితో పుట్టిన ఊరు చెప్పుకుంటూ, చేతుల్తో ఉన్న ఊరికి చాకిరీ చేసే మనిషి ఆయన. తనెక్కడివాడో తన చేతులకి తెలిసినంత నోటికి తెలియలేదు, అంతే.

సముద్రానికి మాత్రం ఈ భేదాలేవీ లేవు. 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 8న అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ దగ్గర దాటి, 12న విశాఖపట్నం మీద పడింది. “మా మీంచి పోయిందే, మీ దగ్గరికే వస్తోంది. కిటికీలు చూసుకోండి” అని పిన్ని ఫోను చేసింది, చుట్టాలెవరో బయల్దేరారని కబురు పెట్టినట్టు.

ఆ తర్వాత తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్ని కూలాయో, ఒక్కో ఇంటికి ఒక్కో చావులాంటి దెబ్బ. బాబాయి పెరట్లో పద్దెనిమిది చెట్లు, ప్రహరీ గోడ, మేడ మీది రేకులూ పోయాయి. నేను వెళ్ళేనాటికి ఇంట్లో నడుస్తున్న యుద్ధం దాని గురించే. మళ్ళీ కట్టించి, అక్కడికే వెళ్ళిపోయి ఉందామని ఆయన. “ఎక్కడికి?” అని ఆవిడ. ఆ ఒక్క మాటే. “మనూరికి” అంటాడు. “ఎవరూరికి?” అంటుంది.

చుట్టాల్లో అందరూ పిన్నినే తప్పుపట్టారు. రిటైరయ్యాక సొంతూరు చేరకుండా ఆ నీళ్ళ మధ్య ఏం చేస్తుంది? మొగుడి మాట వినదు, మొండి అన్నారు. మా అమ్మ కూడా.

ఇప్పుడు ఆడపిల్లల సంగతికి వస్తాను. పందొమ్మిదో ఏటో, ఇరవయ్యో ఏటో ఒక రోజు పొద్దున్న మనల్ని బండెక్కించి, “ఇకనుంచి అదే నీ ఇల్లు” అన్నారు. ఇంటిపేరు మారింది. పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో, పండక్కి ఏ దేవతకి మొక్కాలో, అన్నీ మారాయి. విజయనగరంలో పుట్టినదానికి పైడితల్లి సిరిమాను చూడకుండా దసరా వెళ్ళిపోతే, ఆ ఏడాది దసరా రానట్టే ఉంటుంది. అలా ఎన్ని ఏళ్ళు రాకుండా పోయాయో మన అమ్మమ్మలకి. “నేనిక్కడ టెంపరరీ” అనే వీలు ఏ కోడలికైనా ఎవరైనా ఇచ్చారా? మొదటి రోజునుంచీ పర్మనెంటు. ఇది గొప్ప అని నేనటం లేదు. బలవంతంగా నేర్పిన విద్య అది. కాని బలవంతంగా నేర్పినా ఈత ఈతే. పడేసిన చోట వేళ్ళు దించడం వచ్చేసింది ఆడవాళ్ళకి. మా పిన్ని సోంపేటలో ఎన్నడూ కాపురం చెయ్యలేదు. ఆవిడకి అది మెట్టినూరు కూడా కాదు, మొగుడి ఊరు. ముప్ఫై నాలుగేళ్ళు ఒక చోట కాపురం చేశాక, ఇంకోసారి బండెక్కి “ఇకనుంచి అదే నీ ఇల్లు” అనిపించుకోమంటే, ఎవరు మొండివాళ్ళు?

వెనక్కి వెళ్ళడానికి ఊరు లేనివాళ్ళని చూస్తే ఈ లెక్క ఇంకోలా కనిపిస్తుంది. 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ వదిలి వచ్చిన బెంగాలీ కుటుంబాలకి అండమాన్‌లో భూములిచ్చారు, పది ఎకరాల లెక్కన. పిన్ని పక్కింటావిడ అత్తగారు అలా వచ్చినావిడే. వచ్చిన ఏడాదే పనస గింజ పాతిందట. ఇప్పుడది మహావృక్షం. మా బాబాయి తన క్వార్టరు ముందు ఒక్క చెట్టు నాటలేదు, కాయలు కాసేనాటికి మనం ఉండం కదా అని. మారిషస్‌లో మనవాళ్ళున్నారు. 1834 తర్వాత చెరుకు తోటల కూలికి వెళ్ళినవాళ్ళ సంతతి. కోరంగి రేవునుంచి ఓడెక్కారని వాళ్ళని అక్కడ కోరంగీలన్నారు. ఏ ఊరినుంచి వచ్చారో ఆ ఊరి పేరే చాలామందికి తెలియదు ఇప్పుడు. కాని ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఊరు పోగొట్టుకుని పండగని నిలబెట్టుకున్నారు. మా బాబాయి ఊరిని నిలబెట్టుకుని, సంక్రాంతికి భోగి మంట కూడా వెయ్యలేదు, “ఇక్కడేం పండగలే” అని.

పోనీ, ఊరిని నిలబెట్టుకున్నాడా? 2010లో సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం అడ్డంపడ్డారు. ఆ చిత్తడి నేలల నీళ్ళే వాళ్ళ పంటలకీ చేపలకీ ఆధారం. జూలై 14న పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో టీవీ ముందు కూర్చుని బాబాయి ఏడ్చాడట, పిన్ని చెప్పింది. ఆ కన్నీళ్ళు అబద్ధం అనను. కాని బీలని కాపాడుకున్నది మాత్రం అక్కడ రోజూ నీళ్ళు తోడుకుంటున్నవాళ్ళు. పాలరాయి నేల ఇల్లు ఆ రోజు కూడా తాళం వేసే ఉంది.

ఇదంతా రాసి, ఉన్న ఊరే ఊరు, పుట్టిన ఊరు వట్టి భ్రమ అని తేల్చెయ్యబోతే, ఇంకో మనిషి నా చెయ్యి పట్టుకుంటుంది. ఆవిడ పేరు బోవా సీనియర్. గ్రేట్ అండమానీస్ తెగల్లో బో అనే తెగ మనిషి. ఆ తెగ భాష మాట్లాడేవాళ్ళలో ఆఖరి మనిషి. 2010 జనవరిలో సుమారు 85 ఏళ్ళ వయసులో పోయింది. ఆవిడ ఏ మెయిన్‌లాండ్ నుంచీ రాలేదు.  తన దీవుల్లోనే ఉంది. వచ్చినవాళ్ళే వచ్చారు. 1858లో ఖైదీల బస్తీ పెట్టినప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీస్ ఇప్పుడు యాభై మంది అటూ ఇటూ. చివరి ఏళ్ళలో ఆవిడ తన భాషలో మాట్లాడదామంటే అర్థమయ్యే మనిషి లేక, పిట్టలతో మాట్లాడుకునేదని ఆ భాషని రికార్డు చేసిన అన్వితా అబ్బీ గారు చెప్పారు. పుట్టిన దీవులూ ఉన్న దీవులూ ఒక్కటే అయిన మనిషి ఆవిడ. ఆవిడకంటే పరాయి మనిషి ఆ దీవుల్లో ఎవరు? అండమాన్‌లో కొబ్బరి చెట్టు కూడా బస్తీ పెట్టాక నాటిందేనంటారు. ఐలాండర్ కార్డు జేబులో ఉన్న మా బాబాయి, పది ఎకరాల బెంగాలీ అత్తగారు, పోట్లాడ్డానికి సరిపడా హిందీ నేర్చిన మా పిన్ని, అందరూ ఆవిడ ఇంట్లోకి వచ్చినవాళ్ళే. వేళ్ళు దించుకోవడం గొప్పే, కాని కింద ఎవరి వేళ్ళున్నాయో చూసుకోకుండా దించితే అది ఆక్రమణ అవుతుంది. “మాది” అనే మాట ఎంత ఇష్టంగా అనాలో అంత వెరుస్తూ అనాలేమో.

బాబాయి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన్ని చదివించడానికి వాళ్ళమ్మ జీడితోట తాకట్టు పెట్టింది. 1996లో ఆవిడ పోయినప్పుడు టెలిగ్రాం అందింది, ఓడ లేదు. విమానం ఆయన జీతానికి అందేది కాదు, అప్పు చేసి కొందామన్నా సీటు దొరకలేదు. ఆరో రోజుకి ఊరు చేరాడు. తలకొరివి తమ్ముడు పెట్టాడు. ఆ పాలరాయీ, ఆ పన్నెండు కప్పులూ ఎవరికోసం కట్టాడో, ఎవరికోసం కొన్నాడో, అది తెలిశాక నాకు నవ్వు రాలేదు. తీర్చాల్సిన మనిషి పోయాక, అప్పు ఊరికి తీరుస్తున్నాడు.

మరి పిన్నో? ఒక సాయంత్రం చీకటి పడుతుండగా డాబా మీద బట్టలు తీస్తూ, ఏదో ఉప్పు పప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. 1987లో పుట్టిన మొదటి పిల్ల పదకొండు రోజులే బతికింది. చంటిపిల్లల్ని దహనం చెయ్యరు కదా. కొండ దిగువన ఒక చోట పెట్టారు. అక్కడికి నడుచుకుంటూ వెళ్తే పావుగంట. “మీ బాబాయికి ఆ చోటు గుర్తుందో లేదో. నేను అడగలేదు” అంది. ఆవిడ ఈ మాట పంచాయితీలో ఏ చుట్టానికీ చెప్పలేదు. చెబితే అందరూ నోరు మూసుకునేవాళ్ళే. అది చూపించి గెలవడం ఇష్టం లేకపోయింది కాబోలు.

ఒకరి తల్లి అక్కడి మట్టిలో, ఒకరి బిడ్డ ఇక్కడి మట్టిలో. ఇందులో ఎవరి ఊరు నిజం ఊరో ఏ న్యాయం చెబుతుంది? నాకైతే ఇంతవరకే తోస్తుంది: ఎవరు ఏ మట్టిని తమదనుకున్నా, బతికున్నవాళ్ళకి ఈ రోజు చెయ్యాల్సిన పని ఆ రోజు కాళ్ళున్న చోటే ఉంటుంది. దాన్ని ఇంకో ఊరి పేరు చెప్పి వాయిదా వెయ్యడానికి వీల్లేదు. బాబాయి తప్పు సోంపేటని ప్రేమించడం కాదు. ఆ ప్రేమ పేరు చెప్పి ఎదురుగా ఉన్న ఇంటిని అన్నేళ్ళు సత్రంలా ఉంచడం. పిన్ని తప్పేమైనా ఉంటే, ఆయన అప్పు ఏమిటో ఒక్కసారైనా అడగకపోవడం.

చివరికి మా పెద్దవాళ్ళ తీర్పులేవీ లేకుండా వాళ్ళే ఒక ఒప్పందానికి వచ్చారు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఆయన సోంపేటలో ఉంటాడు. ప్రహరీ కట్టించాడు, కొబ్బరి మొక్కలు మళ్ళీ వేశాడు. కిందటేడు మేడ మీద రెండు గదులు చుట్టుపక్కల ఊళ్ళనుంచి చదువుకోడానికి వచ్చే ఆడపిల్లలకిచ్చాడు. అద్దాల బీరువాలో కప్పులు పది ఉన్నాయిట ఇప్పుడు. ఎండలు ముదిరేసరికి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేస్తాడు. ఆయన లేని నెలల్లో పిన్ని మేస్త్రీని పిలిపించి గోడలకి మేకులు కొట్టించింది.

మొన్న ఫోనులో చెప్పింది: పక్క వాటాలోకి కొత్తగా పెళ్ళయిన జంట దిగారట. పిల్లది మందస. సామాను సర్దుకుందామంటే, మొగుడు “ఎంత, రెండేళ్ళు” అన్నాడట. “మీరేమన్నారు పిన్నీ?” అని అడిగాను.

“నేనేమంటానే? కుళాయి ఏయే రోజుల్లో వస్తుందో చెప్పాను. నా దగ్గర ఆరు డ్రమ్ములున్నాయి కదా, ఒకటి ఇచ్చాను” అంది.